సీటు కింద తీగ

విజయనగరం శివార్లలోని ఒక పెద్ద ఆటల మైదానంలో గడ్డి కోసే బండి నడిపే భూషణం పనిమంతుడే కానీ, జాగ్రత్తలన్నీ పని రానివాళ్ళ కోసమే పుట్టాయని అనుకునేవాడు.

ఆ బండి చేత్తో తోసేది కాదు. చిన్న ట్రాక్టరులా పైన కూర్చుని నడపాలి. దాని పొట్ట కింద, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున, రెండు ఉక్కు బ్లేడ్లు గిర్రున తిరుగుతూ గడ్డి కోసేవి. బండి రాకముందు మైదానం మొత్తం కొయ్యడానికి ఆరుగురికి నాలుగు రోజులు పట్టేది. వచ్చాక భూషణం ఒక్కడే ఒక పూటలో ముగించేవాడు. అంతకుముందు పల్లెల్లో ట్రాక్టరు తోలిన అలవాటు ఉండటంతో, మైదానం సూపర్‌వైజరు దాలినాయుడు అతణ్ణే ఆ సీటు మీద కూర్చోబెట్టాడు.

బండి దింపిన రోజున మెకానిక్కు ఒకాయన వచ్చి రెండు రోజులు ఉండి అన్నీ నేర్పాడు.

"ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఆయిలు చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పొయ్యండి. కొయ్యబోయే నేలంతా ముందు ఎవరితోనైనా నడిపించి రాళ్ళూ ఇనుప ముక్కలూ ఏరించండి. మైదానంలో మనిషి ఉండగా బండి తియ్యకండి. సీటు మీద కూర్చుని, బ్రేకు తొక్కిపట్టి, బ్లేడ్లు ఆగి ఉన్నాయని చూసుకుని, అప్పుడు తాళం తిప్పండి" అన్నాడు.

తర్వాత సీటు మీద అరచెయ్యి వేసి నొక్కాడు. "దీని కింద ఒక స్విచ్చి ఉంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి సీటు మీంచి లేస్తే ఇంజను దానంతట అదే ఆగిపోతుంది. దీని జోలికి మాత్రం ఎప్పుడూ పోవద్దు."

దాలినాయుడు ఆ మాటలన్నీ బోర్డు మీద రాయించి షెడ్డులో తగిలించాడు. మొదటి రెండు నెలలూ భూషణం అన్నీ పాటించాడు. ఆ తర్వాత ఒకరోజు తొందరలో ఆయిలు చూడటం మానేశాడు. ఏమీ కాలేదు. ఇంకోరోజు బండి చుట్టూ తిరగలేదు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేకొద్దీ అతనికి ఆ బోర్డంటే చులకన పెరిగింది.

అన్నిటికన్నా అతణ్ణి విసిగించింది సీటు కింది స్విచ్చి. ముందు చక్రంలో ఏ ప్లాస్టిక్ సంచో చుట్టుకుంటే దిగి తీసెయ్యాలి. దిగగానే ఇంజను ఆగిపోయేది. మళ్ళీ ఎక్కి, బ్రేకు తొక్కి, తాళం తిప్పి, మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు భూషణం సీటు పైకెత్తాడు. స్విచ్చికి వచ్చే ప్లగ్గు ఊడదీశాడు. దాని రెండు రంధ్రాల్లోనూ వంచిన తీగముక్క ఒకటి గుచ్చాడు. ఇక సీటు మీద మనిషి ఉన్నా లేకపోయినా బండికి ఒకటే. "ఇప్పుడు దారికొచ్చావు" అని బండితో అన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మైదానం ఏరే పని పారమ్మది. ఆమెకు యాభై అయిదేళ్ళు దాటాయి. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఆమెను పిన్ని అనేవాళ్ళు. నెత్తిన గంప పెట్టుకుని, వరినాట్లు వేసేటప్పటిలా వరస తప్పకుండా, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. గాజుపెంకు, విరిగిన మేకు, ఆటగాళ్ళ బూటు అడుగు నుంచి ఊడిన ఇనుప ముల్లు, ఏదీ ఆమె కంటిని దాటిపోయేది కాదు. ఒకసారి ఎవరో ఆటగత్తె పోగొట్టుకున్న ముక్కుపుడకను మోకాలెత్తు గడ్డిలోంచి తీసి ఇచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ కబురే చెప్పుకునేది. ఆమె గొప్పగా చెప్పుకోవడానికి ఆ కళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

ఆ సంవత్సరం జిల్లా ఆటల పోటీలు ఆ మైదానంలోనే పెట్టారు. ముందు వారమంతా వాన. గడ్డి చీలమండల దాకా పెరిగింది. పోటీలకు ముందురోజు వాన తెరిపిచ్చింది. "మధ్యాహ్నానికల్లా కోత అయిపోవాలి. సున్నం గీతలు గియ్యాలి" అని దాలినాయుడు పొద్దున్నే అందరినీ తొందరపెట్టాడు. పారమ్మ ఏడు గంటలకే గంపతో దిగింది. భూషణం టీ హోటలు దగ్గర కబుర్లలో పడి తొమ్మిదికి వచ్చాడు.

"పిన్నీ, ఇంకా ఎంతసేపు?" అని అరిచాడు.

"ఉత్తరం అంచు మిగిలింది బాబూ. షామియానాల వోళ్ళు తాళ్ళూ మేకులూ ఎక్కడివక్కడ వదిలేసినారు. గడ్డిలో కనపడి చావవు. ఒక్క గంట ఆగు" అంది పారమ్మ.

"గంట ఆగితే సున్నం గీతలు ఎప్పుడు గీస్తారు? నువ్వు ఏరేసిన వైపు నేను కోసుకుంటూ వస్తాను. నువ్వు నీ పని చూసుకో."

"నేను మైదానంలో ఉండగా బండి తియ్యకూడదని బోర్డు మీద ఉంది కదేటి?"

"నీకు చదువెప్పుడొచ్చింది పిన్నీ?" అని భూషణం నవ్వాడు.

"రాదు. నాయుడుబాబు చదివి వినిపించారు. అందుకే గుర్తుంది" అంది పారమ్మ. ఆమె నవ్వలేదు.

భూషణం బండి చుట్టూ తిరగలేదు. ఆయిలు చూడలేదు. ఎక్కి తాళం తిప్పాడు.

గంటసేపు అంతా సవ్యంగానే సాగింది. సగం మైదానం నున్నగా తయారైంది. ఉత్తరం వైపు బండిని మలుపు తిప్పేటప్పుడు మాత్రం, మళ్ళీ వెనక్కి తీసే పని ఎందుకని, పారమ్మ ఇంకా ఏరని అంచు మీదుగా వెడల్పుగా తిప్పేశాడు. పది గజాలు వచ్చేసరికి ముందు చక్రం బరువెక్కింది. వంగి చూస్తే షామియానా తాడు ఒకటి చక్రానికి చుట్టుకుని ఉంది.

బ్లేడ్లు ఆపాలి. తాళం తియ్యాలి. అప్పుడు దిగాలి. భూషణం ఇవేవీ చెయ్యకుండా గేరు మాత్రం తప్పించి, దూకి తాడు పట్టుకుని లాగాడు. ఇంజను ఆగలేదు. బ్లేడ్లు తిరుగుతూనే ఉన్నాయి. తాడు సగం ఊడి వచ్చాక దాని చివర జానెడు ఇనుప మేకు కట్టి ఉండటం అతనికి కనిపించింది. కనిపించిన క్షణంలోనే ఆ మేకు బండి కిందికి జారిపోయింది.

ఫెళ్ళుమని చప్పుడైంది.

ముప్పై అడుగుల దూరంలో, తాను ఎప్పుడో ఏరేసిన నేల మీదుగా, నిండిన గంపను పారబొయ్యడానికి పారమ్మ వెళుతోంది. ఆమె వీపు ఇటువైపు ఉంది. విరిగిన మేకు ముక్క ఆమె కుడికాలి పిక్క మీద తగిలింది. ఎవరో వెనక నుంచి తోసినట్టు ఆమె కూలబడింది. గంపలోని రాళ్ళూ మేకులూ ఆమె చుట్టూ చెల్లాచెదురయ్యాయి.

"అమ్మో, కాలు!" అని ఆమె అరిచిన అరుపు షెడ్డు దాకా వినిపించింది.

షెడ్డు నుంచి మనుషులు పరిగెత్తుకు రావడానికి రెండు నిమిషాలైనా పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో భూషణం ముందు పారమ్మ దగ్గరికి వెళ్ళలేదు. బండి దగ్గరికి వెళ్ళాడు. ఇంజను ఆపాడు. సీటు ఎత్తి తీగముక్క పీకి జేబులో వేసుకున్నాడు. ప్లగ్గు మళ్ళీ స్విచ్చికి తగిలించాడు. మిగిలిన తాడును చుట్టచుట్టి కంచె అవతలికి విసిరేశాడు. ఆ తర్వాత పారమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ముందు ఏది, తర్వాత ఏది చేశాడో అతను బతికి ఉన్నంతకాలం మరిచిపోలేకపోయాడు.

దాలినాయుడు రొప్పుతూ వచ్చాడు. "ఏమైందయ్యా?"

"గడ్డిలో మేకు ఉంది సార్. బ్లేడుకు తగిలి ఎగిరింది" అన్నాడు భూషణం.

"ఆమె మైదానంలో ఉండగా బండి ఎందుకు తీశావు?"

"టైం లేదని మీరే అన్నారు కదా సార్. పిన్ని ఏరేసిన వైపే కోశాను. ఏరిన చోట మేకు ఉంటుందని నేనెలా అనుకుంటాను?"

తొందరపెట్టింది తనే కావడంతో దాలినాయుడు ఇంకేమీ అనలేకపోయాడు. కింద కూర్చుని రెండు చేతులా కాలు పట్టుకున్న పారమ్మ తలెత్తి ఆ నేలకేసి చూసింది.

"ఏరాను బాబూ. ఈ వరస నేనే ఏరాను. మేకు ఎలా వదిలేశానో తెలీడం లేదు" అంది. నొప్పికన్నా ఎక్కువగా ఆమె ఆ మాటకే ఏడ్చింది.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. భూషణం చెప్పలేదు. జేబులో తీగముక్క తొడకు గుచ్చుకుంటుంటే, మిగతావాళ్ళతో కలిసి ఆమెను ఆటోలోకి ఎక్కించాడు.

కాలి ఎముక విరిగిందని ఆసుపత్రిలో చెప్పారు. పిండికట్టు కట్టి రెండు నెలలు నడవకూడదన్నారు. పోటీలు జరిగిపోయాయి. వచ్చిన పెద్దలు మైదానం బాగుందని మెచ్చుకుని వెళ్ళారు. ఆ తర్వాత దాలినాయుడు భూషణంతో, "పారమ్మకు చూపు తగ్గిపోయింది పాపం. నెమ్మదిగా చెప్పి మాన్పించెయ్యాలి. కాలు నయమైనా ఇక ఈ పని ఆమె వల్ల కాదు" అన్నాడు.

"మీ ఇష్టం సార్" అన్నాడు భూషణం. 

వారం తర్వాత అరడజను బత్తాయిలు కొనుక్కుని పారమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వీధి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. భూషణాన్ని చూసి సంతోషపడింది.

"రా బాబూ, కూర్చో. నావల్ల నీకు మాట వచ్చిందంట కదా. నాయుడుబాబు నిన్ను నలుగురిలో కసిరినారని విన్నాను. ఏటి సెయ్యను, నా కళ్ళు పోయినాయి" అంది.

"అలా అనకు పిన్నీ" అన్నాడు భూషణం. అతని మాట అతనికే సరిగ్గా వినిపించలేదు.

పారమ్మ చాటను కోడలికి అందించింది. "ఓసారి నువ్వు కూడా చూడవే. నేను ఏరాను గానీ, నా చూపు మీద నాకు నమ్మకం లేదు."

కోడలు బియ్యాన్ని వెలుగులోకి వంచి అటూ ఇటూ కదిపి చూసింది. "ఒక్క రాయి కూడా లేదత్తా. రోజూ ఇదే మాట. నీ కళ్ళకేం కాలేదంటే వినవు" అంది.

"నీకు కూడా కనపడలేదేమో. మళ్ళీ చూడు" అంది పారమ్మ.

భూషణానికి అక్కడ కూర్చోవడం చేతకాలేదు. బత్తాయిలు అరుగు మీద పెట్టి, పని ఉందని చెప్పి లేచాడు. వీధి చివరి దాకా తల వంచుకునే నడిచాడు. ఎదురొచ్చిన మనిషి పలకరిస్తే పలకలేదు. వెనక్కి వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు ఆగాడు. 'చెబితే ఉద్యోగం పోతుంది' అనుకుని రెండుసార్లూ ముందుకే నడిచాడు. ఆ రోజు నుంచి ఇంట్లో భార్య బియ్యం ఏరుతుంటే చూడలేక బయటికి వెళ్ళిపోయేవాడు.

మరో నాలుగు రోజులు గడిచాయి. మైదానంలోకి కొత్తగా ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. దాలినాయుడు అందరినీ షెడ్డు ముందుకు పిలిచాడు.

"మొన్న జరిగింది మళ్ళీ జరగకూడదు. ఈ బండిని ఎలా తియ్యాలో మన భూషణం మీ అందరికీ చూపిస్తాడు. అతను మొదటి రోజు నుంచీ పద్ధతిగా పనిచేసే మనిషి. చూసి నేర్చుకోండి" అన్నాడు.

పద్ధతిగా పనిచేసే మనిషి అన్నప్పుడు భూషణం చెవులు వేడెక్కాయి. అయినా ముందుకు వచ్చాడు. ఎన్నో నెలల తర్వాత బండి చుట్టూ పూర్తిగా తిరిగాడు. టైర్లు నొక్కి చూశాడు. ఆయిలు పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి అందరికీ చూపించాడు. ఇంజను చల్లగా ఉందని చేత్తో తాకి చూసి పెట్రోలు పోశాడు. చుట్టూ ఉన్నవాళ్ళను దూరంగా గోడ దగ్గరికి పంపించాడు. సీటు మీద కూర్చున్నాడు. బ్రేకు తొక్కాడు. బ్లేడ్ల మీట చూసుకున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను మొదలైంది. ముందున్న నేల శుభ్రంగా ఉందని మరోసారి చూసి బ్లేడ్లు తిప్పాడు.

"ఇప్పుడు సీటు మీంచి లేచి చూపించు" అని దాలినాయుడు గోడ దగ్గరి నుంచి కేకేశాడు.

భూషణం లేచాడు.

ఇంజను ఆగిపోయింది. దానితోపాటు బ్లేడ్లూ ఆగిపోయాయి. అతను రెండో కాలు నేల మీద పెట్టేలోపే అంతా నిశ్శబ్దమైపోయింది.

అంతే. ఆ రోజు జరగవలసింది అంతే. మేకు జారి బండి కిందికి వెళ్ళేసరికి అక్కడ తిరిగే బ్లేడే ఉండేది కాదు. పారమ్మ గంప పారబోసుకుని తిరిగి వచ్చేది.

"చూశారా? దిగితే ఆగిపోతుంది. ఇంత భద్రమైన బండి ఇది" అన్నాడు దాలినాయుడు. కొత్తవాళ్ళు తలలూపారు. భూషణం బండి పక్కనే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, తర్వాతది చెప్పవేం?"

"ఆ రోజు ఇది ఆగలేదు సార్" అన్నాడు భూషణం.

"ఏది?"

"ఈ ఇంజను. నేను దిగాను. ఇది ఆగలేదు. ఆగకుండా నేనే చేశాను."

 భూషణం అన్నీ చెప్పాడు. తీగముక్క గుచ్చిన సంగతి చెప్పాడు. ఏరని అంచు మీదుగా బండి తిప్పానని, తాడును, దాని చివరి మేకును తన బండే పారమ్మ ఏరిన చోటికి ఈడ్చుకొచ్చిందని చెప్పాడు. చివరికి ఇంకొకటి కూడా చెప్పాడు. "పిన్ని కింద పడి అరుస్తుంటే నేను ముందు తీగ పీకాను సార్. ఆ తర్వాతే ఆవిడ దగ్గరికి వెళ్ళాను."

గోడ దగ్గరున్న ఆడవాళ్ళలో ఒకావిడ మొహం తిప్పుకుంది. ఎవరూ అతణ్ణి తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంత తేలిగ్గా ఉండేది.

దాలినాయుడు బండి దగ్గరికి వచ్చాడు. "ఆమె చూపు పోయిందని నేను ఎవరినీ అడక్కుండానే నిర్ణయించేశాను. ఏరిన చోటే మేకు ఉందని నువ్వు చెప్పావు, నేను నమ్మాను. బండి ఎక్కే ముందు నువ్వు ఆయిలు చూడలేదు. ఒక మనిషి అన్నం తీసేసే ముందు నేను కూడా ఏమీ చూడలేదు" అన్నాడు. తర్వాత చెయ్యి చాపి బండి తాళం అడిగి తీసుకున్నాడు. "పద. ఇదంతా ఆమెకు చెప్పాలి. నువ్వే చెప్పాలి."

ఇద్దరూ పారమ్మ ఇంటికి వెళ్ళారు. భూషణం అరుగు ఎక్కలేదు. వీధిలోనే నిలబడి, ముందు నుంచీ చివరి దాకా చెప్పాడు. పారమ్మ మధ్యలో ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. కోడలు మాత్రం లోపలి నుంచి వచ్చి, "అందుకా బత్తాయిలు తెచ్చావు?" అంది.

"నన్ను క్షమించు పిన్నీ" అన్నాడు భూషణం.

పారమ్మ పిండికట్టు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. 

"కాలు విరిగిందని నాకు నీ మీద అంత కోపం లేదు బాబూ. ఇనుముతో పని, ఎప్పుడో ఒకప్పుడు తగులుతాది. కానీ పదకొండు రోజులు నా కళ్ళు పోయినాయని ఏడ్చాను. బతికినన్నాళ్ళూ ఆ కళ్ళనే నమ్ముకున్నాను. వాటినే అనుమానించాను. నువ్వు ఈ అరుగు మీదే కూర్చుని అది చూసినావు. చూసి కూడా లేచి వెళ్ళిపోయినావు. దానికి మాత్రం ఏటి సెప్పాలో నాకు తెలీడం లేదు. ఇప్పుడైతే వెళ్ళు."

భూషణం వెళ్ళిపోయాడు. ఆమె క్షమించానని అనలేదు. అనమని మళ్ళీ అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

పారమ్మ ఉద్యోగం ఆమెకే ఉంటుందని, నయమయ్యేదాకా వైద్యం ఖర్చూ జీతమూ మైదానం వాళ్ళే ఇస్తారని దాలినాయుడు ఆమె చేతికి కాగితం రాసి ఇచ్చాడు. భూషణాన్ని బండి మీంచి దించేశాడు. పూర్తిగా పంపించెయ్యలేదు కానీ గంప చేతికిచ్చి నేల ఏరే పనికి పెట్టాడు. కొత్తగా వచ్చిన ఇద్దరిలో ఒకరికి బండి అప్పగించాడు. ఎండలో ఒంగి ఒంగి నడుస్తుంటే ఆ పని ఎంత ఓపికతో కూడినదో భూషణానికి మొదటి రోజే తెలిసింది. మొదటి వారంలోనే మూడు మేకులు వదిలేశాడు. వెనక నుంచి మరొకరు వచ్చి చూపిస్తే సిగ్గుతో తీసుకుని గంపలో వేసుకున్నాడు.

మూడో నెలలో పారమ్మ కొద్దిగా కుంటుతూ పనిలోకి వచ్చింది. భూషణం ఎదురెళ్ళి, "పిన్నీ, ఇవాళ ఎక్కడి నుంచి మొదలుపెడదాం?" అని అడిగాడు. ఆమె అతని మొహంలోకి చూడలేదు.

"నువ్వు ఆ వరస, నేను ఈ వరస. తొందరపడకు" అంది.

ఆ రోజంతా ఇద్దరూ చెరో వరసలో నడిచారు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆమె అతనితో అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు. భూషణం దానికి బాధపడ్డాడు కానీ ఫిర్యాదు చెయ్యలేదు.

పిల్లలూ, ప్రాణాలు కాపాడటానికి పెట్టిన ఏర్పాటును విసుగుతో తీసేసేవాడు తోటివాళ్ళ ఒంటికి హాని చేస్తాడు, తన తప్పును వాళ్ళ నెత్తిన వేసేవాడు వాళ్ళ మనసుకు అంతకన్నా పెద్ద హాని చేస్తాడు. కాబట్టి యంత్రం ముట్టుకునే ముందు జాగ్రత్తనూ, తప్పు జరిగిన వెంటనే నిజాన్నీ ఎప్పుడూ వదలకూడదు.